రబ్బరు పీక

నాలుగో తొట్టెలోని పిల్లకు అప్పమ్మ తడిగుడ్డ మారుస్తోంది. ఎడమచేత్తో రెండు మడమలూ కలిపి పట్టుకుని కాస్త పైకెత్తింది. కుడిచేత్తో పాతగుడ్డ లాగేసి, పొడిగుడ్డ కిందికి తోసి, మూడు మడతలు వేసి ముడి వేసింది. పిల్ల ఏడుపు అందుకునేలోపే పని అయిపోయింది. ఐదో తొట్టె దగ్గరికి జరిగింది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా పొద్దున్న ఆరు గంటలకు ఆ చేతులు ఈ పనిలోనే ఉంటున్నాయి. నీళ్లలో నానీ నానీ వేళ్ల చివర్లు ఎప్పుడు చూసినా తెల్లగా ముడతలు పడి ఉంటాయి.

భవానీపూర్‌లో బస్సులు తిరిగే పెద్దరోడ్డు నుంచి ఒక సందు లోపలికి వెళితే ఉంటుంది ఆ నర్సింగ్ హోమ్. రెండో అంతస్తంతా పురుళ్లకు. అప్పమ్మ అక్కడ ఆయా. అక్కడి ఆయాలందరినీ పిలిచినట్టే ఆమెనూ డాక్టర్లూ నర్సులూ 'మాసీ', అంటే పిన్నీ, అని పిలుస్తారు. ఆమెకు అసలు ఒక పేరుందన్న సంగతి ఆ అంతస్తులో చాలామందికి తెలియదు. పొట్టి మనిషి. అరవై దగ్గర పడుతున్నా వీపు నిటారుగానే ఉంది గానీ మోకాళ్లు రెండూ బయటికి వంగిపోయాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, ముంజేతి మీద రంగు వెలిసిన తేలు పచ్చబొట్టు. సంత్రాగాఛిలో తెల్లవారుజాము లోకల్ ఎక్కి, హౌరాలో దిగి, వంతెన దాటే బస్సులో నిలబడి ఇక్కడికి చేరుతుంది. సంత్రాగాఛి యార్డులో కలాసీగా చేసిన భర్త సూరన్న పోయి ఆరేళ్లయింది. ఆయన పోయిన పన్నెండో రోజున కూడా ఆమె డ్యూటీకి వచ్చింది.

ఆ వారమంతా నర్సింగ్ హోమ్‌లో హడావుడి. తల్లిపాలు పట్టించే ఆసుపత్రి అని గుర్తింపు పత్రం ఇవ్వడానికి ప్రభుత్వం తరఫున ఒక బృందం వస్తోంది. గోడలకు బెంగాలీలో పెద్దపెద్ద అక్షరాల కాగితాలు అంటించారు. తల్లి రొమ్ము తప్ప బిడ్డ నోటికి మరేదీ తగలకూడదని వాటి సారాంశం. మామూలు రోజుల్లో పిల్లలందరూ ఒక అద్దాల గదిలో ఉంటారు. నాలుగు గంటలకోసారి తల్లుల దగ్గరికి తీసుకెళ్లి, పాలు పట్టించి, మళ్లీ తెచ్చేస్తారు. మధ్యలో ఏడిస్తే నోట్లో పెట్టడానికి రబ్బరు పీకలు ఉంటాయి. బెంగాలీలో వాటిని చుషి అంటారు. మేట్రన్ సుప్రభా దత్త చెప్పినట్టు వాటిని పొద్దునా సాయంత్రం నీళ్లలో ఉడకబెట్టి, మూతున్న ఎనామిల్ గిన్నెలో ఉంచడం అప్పమ్మ పనే. అంతస్తు నిశ్శబ్దంగా ఉండాలన్నది యజమాని కోరిక. సోమవారం నుంచి ఆ గిన్నె మేట్రన్ బీరువాలో పడి ఉంది. ఇవాళ తొమ్మిది గంటలకల్లా తొట్టెలన్నీ తల్లుల మంచాల పక్కకు తోసేయాలని కూడా ఆవిడ చెప్పింది.

"వాళ్లు అడిగితే, పిల్లలు పుట్టినప్పటి నుంచీ తల్లుల పక్కనే ఉన్నారని చెప్పు," అంది మేట్రన్.

"నన్నెవరు అడుగుతారు దీదీ?" అంది అప్పమ్మ బెంగాలీలో.

ఆరో నంబరు గదిలోంచి ఏడుపు కారిడార్ చివరిదాకా వినిపిస్తోంది. కాసేపటికి ఠక్కున ఆగిపోయింది. ఆ ఆగడం ఎలాంటిదో అప్పమ్మకు తెలుసు. పాలు అందిన బిడ్డ ఏడుపు మెల్లగా తగ్గుతుంది, మధ్యలో రెండు వెక్కిళ్లు వస్తాయి. ఇలా ఒక్కసారిగా తెగిపోదు. ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

మంచం మీద ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. పేరు జ్ఞానప్రసూన. భర్తకు బ్యాంకులో ఉద్యోగం, విజయవాడ నుంచి బదిలీ అయి వచ్చి ఏడాది కాలేదు. కాన్పై మూడో రోజు. రవిక ముందుభాగం బిగిసిపోయి ఉంది, ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయింది. అత్తగారు కామాక్షమ్మ కిటికీ పక్క కుర్చీలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఊపుతోంది. వాడి నోట్లో లేతనీలం చక్రం ఉన్న కొత్త పీక ఉంది. బుగ్గలు లోపలికి లాక్కుని వాడు దాన్ని ఆబగా పీలుస్తున్నాడు.

జ్ఞానప్రసూన హిందీలో తడుముకుంటూ, పాలు పడటం లేదని చెప్పబోయింది.

"తెలుగులో సెప్పమ్మా. నాకు తెలుస్తాది."

"మీరు తెలుగువాళ్లా!" ఆ అమ్మాయి గొంతులో ఏడుపు, సంతోషం కలిసిపోయాయి.

"మాది సిక్కోలు. రేలు పనికని ఈయనొచ్చినాడు, నానూ వచ్చీసినాను. ఏటైనాది?"

"ఏముందీ, దీనికి పాలు లేవు," అంది కామాక్షమ్మ. "మూడు రోజులు చూశాం. పాలడబ్బా తెమ్మని మా అబ్బాయిని పంపించాను. అందాకా ఊరుకుంటాడని కింద మందుల షాపులో ఇది కొన్నాను."

"పాలు నేకేటమ్మా, ఆ రవికలోకి సూడండి, రాయిలాగ గట్టిపడిపోనాది. ఉన్నాయి, దిగట్లేదు అంతే." అప్పమ్మ వంగి, చిటికెనవేలు బిడ్డ పెదవి మూలకు ఆనించి మెల్లగా పీక బయటికి లాగింది. వాడు మళ్లీ గుక్క పట్టాడు. "ఇది ఈయేళ కనబడకూడదు. మా మేట్రన్ సూసినాదంటే నా పని అయిపోతాది." దాన్ని తన చీర కుచ్చెళ్ల దగ్గర నడుములో దోపుకుంది. కామాక్షమ్మ మూతి ముడుచుకుంది గానీ బిడ్డను అందించింది.

అప్పమ్మ వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, ఆ అమ్మాయి రొమ్ము మీద వేసింది. ఒళ్లో రెండు తలగడలు పెట్టి ఎత్తు చేసింది. చనుమొన చుట్టూ బిగిసిన చోట రెండు వేళ్లతో మెత్తగా నొక్కితే చిక్కటి పసుపురంగు చుక్క ఒకటి ఊరి నిలిచింది.

"ఇదిగో, సూడు. నేవన్నారు. ముర్రుపాలు ఇవి. ఇప్పుడు బిడ్డని నీ కేసి తిప్పు. కడుపుకి కడుపు తగలాల. ఉహు, రొమ్ముని బిడ్డ కాడికి తీసుకెల్లకు. బిడ్డనే రొమ్ము కాడికి తే. పై పెదం మీద తగిలించు. ఆగు. నోరు పెద్దది సేసీదాకా ఆగు. ఇప్పుడు!"

వాడి తలను ఒక్క అరచేతితో దగ్గరికి చేర్చింది. గడ్డం రొమ్ముకు అంటుకుంది, కింది పెదవి బయటికి విచ్చుకుంది. రెండు సార్లు జారింది. మూడోసారి దొరికింది. జ్ఞానప్రసూన నొప్పికి కళ్లు మూసుకుని, అప్పమ్మ ముంజేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. అప్పమ్మ కదల్లేదు. కాసేపటికి గదిలో చిన్న చప్పుడు మొదలైంది. వాడు మింగుతున్న చప్పుడు. రెండో రొమ్ము నుంచి వాటంతటవే పాలు కారి రవిక తడిసింది.

"వస్తున్నాయండీ! పాలు వస్తున్నాయి!"

"అడిగేవోడు అడిగితే ఎందుకు రావు?"

ఆ అమ్మాయి కన్నీళ్లతోనే నవ్వింది. కాస్త తేరుకున్నాక అడిగింది. "మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే గుంట. పైడితల్లి. కరగ్‌పూర్‌లో ఉంటాది."

"ఆవిడకు ఎన్నాళ్లు పాలిచ్చారు?"

అప్పమ్మ తువ్వాలు మళ్లీ నీళ్లలో ముంచి, పిండి, మడతపెట్టింది.

"ఇరవై రెండు రోజులు," అంది. "తరవాత ఇలాటి పీకే ఎట్టీసినారు దాని నోట్లో. నా రొమ్ము ఒగ్గీసినాది."

మిగతాదంతా చెప్పడానికి ఆ అమ్మాయి తన మనిషి కాదు. పైడితల్లి పుట్టిన నెలలోనే రెండు వ్యాగన్ల మధ్య సూరన్న చెయ్యి నలిగింది. ఆరు నెలలు మంచానపడ్డాడు. యార్డులో ఎవరో చెబితే అప్పమ్మ ఈ నర్సింగ్ హోమ్‌లో చేరింది. పొద్దున్న చీకటితో బయల్దేరితే ఇల్లు చేరేసరికి మళ్లీ చీకటి పడేది. క్వార్టర్ల వరసలో పక్కింటి అమ్మన్నమ్మకు పిల్లల్లేరు. పైడితల్లిని ఆమె చేతిలో పెట్టి వచ్చేది. ఇక్కడ పరాయి పిల్లలు ఏడ్చినప్పుడల్లా అప్పమ్మకు పాలు చేపుకొచ్చేవి. రోజుకు రెండుసార్లు బాత్రూంలోకి వెళ్లి, గోడకు తల ఆనించి, ఆ పాలన్నీ తూములోకి పిండేసేది. సాయంత్రం పరుగున ఇంటికి వెళ్లి గుంటను రొమ్ముకు పెట్టుకుంటే అది ఒకసారి నోట పట్టుకుని, వదిలేసి, మెడ విరుచుకుని అమ్మన్నమ్మ వైపు చూసి ఏడ్చేది. అమ్మన్నమ్మ చక్కెరనీళ్లలో ముంచిన పీక నోట్లో పెడితే ఊరుకునేది. నెల తిరిగేసరికి పాలు పూర్తిగా ఎండిపోయాయి.

ఆ రోజు అప్పమ్మ వరసలోని ఆడవాళ్లందరూ వినేలా అరిచింది. "నీ పీకతోటి నా గుంటని నాకు కాకండా సేసినావు. నువ్వు బాగుపడవు." అమ్మన్నమ్మ గడపలో నిలబడి విన్నది. మర్నాడు కూడా బిడ్డను ఆమె దగ్గరే వదిలి రావలసి వచ్చింది. వేరే దిక్కు లేదు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పొద్దున్న మాట లేకుండా ఇచ్చేది. సాయంత్రం మాట లేకుండా తీసుకునేది. అలా పన్నెండేళ్లు గడిచాయి. పైడితల్లి అమ్మన్నమ్మను 'అమ్మా' అనేది, తల్లిని అందరూ పిలిచినట్టే 'అప్పమ్మా' అనేది. పెళ్లై వెళ్లాక కూడా కరగ్‌పూర్ నుంచి వస్తే సంచీ ముందు ఆ గుమ్మంలోనే దించేది. రెండేళ్ల కింద అమ్మన్నమ్మ మంచం పట్టినప్పుడు, ఒక్కసారి వచ్చి పొమ్మని రెండుసార్లు కబురు చేసింది. అప్పమ్మ లోకల్ ఎక్కి డ్యూటీకి వచ్చేసింది. రెండోసారి కబురొచ్చిన మర్నాడు ఆమె పోయింది.

బృందం పదకొండింటికి వచ్చింది. ముగ్గురు మనుషులు. వాళ్లలో ఒక ఆడ డాక్టరు, వయసు ముప్ఫై దాటి ఉండదు, నూలు చీర, మందపాటి కళ్లద్దాలు. వెనక యజమాని, మేట్రన్, ఇద్దరు నర్సులు. గది తర్వాత గది చూసుకుంటూ ఆరో నంబరులోకి వచ్చారు. బిడ్డ రెండోసారి పాలు తాగుతున్నాడు. తొట్టె చక్కగా మంచం పక్కనే ఉంది. గోడ మీద కాగితం ఉంది. డాక్టరు వంగి బిడ్డ నోరు రొమ్మును పట్టిన తీరు చూసి, "ఎవరు నేర్పారు? చాలా బాగా పట్టాడు," అంది. మేట్రన్ చిన్నగా నవ్వి, "మా స్టాఫ్ అందరికీ శిక్షణ ఇచ్చాం," అంది.

డాక్టరు కూర్చోవడానికి అప్పమ్మ స్టూలు లాగబోయి వంగింది. నడుములో దోపిన పీక జారి నేల మీద పడింది. రెండుసార్లు ఎగిరి డాక్టరు చెప్పు పక్కన ఆగింది.

యజమాని మెడ ఎర్రబడింది.

"ఈ ఆయాలకు ఎంత చెప్పినా ఇంతే," అంది మేట్రన్. "ఏడుపు వింటే పని పెరుగుతుందని మాకు తెలియకుండా పెట్టేస్తుంటారు."

"నేను పెట్టలేదు దీదీ. వాడి నోట్లో ఉంటే తీశాను," అంది అప్పమ్మ బెంగాలీలో. తర్వాత మంచం వైపు తిరిగి తెలుగులో అంది. "నానెట్టనేదని ఓ మాట సెప్పమ్మా. హిందీలోనైనా సెప్పు, ఆలకి తెలుస్తాది."

జ్ఞానప్రసూన నోరు తెరిచింది. అత్తగారి వైపు చూసింది. కామాక్షమ్మ కుర్చీలోంచి కదలకుండానే, గొంతు తగ్గించి, "నీకెందుకు? నువ్వు పిల్లాణ్ణి చూసుకో," అంది. తర్వాత అందరికీ వినబడేలా హిందీలో, తమకేమీ తెలియదని చెప్పింది. ఆ అమ్మాయి తల దించేసింది. పమిట చెంగు లాగి బిడ్డ ముఖం మీద కప్పుకుంది.

డాక్టరు పీకను కాగితంతో పట్టి తీసి బల్ల మీద పెట్టింది. "దీనికి ఇంత భయం దేనికి? ఫారంలో ఒక గడి ఉంది, అందులో రాయాలి, అంతే," అంది. పక్కనున్నవాళ్లతో మాట్లాడుతున్నట్టుగా హిందీలోనే చెప్పుకుపోయింది. "పీక పెడితే బిడ్డ రొమ్ము వదిలేస్తుందని మాకూ కాలేజీలో చెప్పారు. ఈమధ్య బయటి దేశాల్లో తల్లుల మీద పరీక్షించి చూశారు. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డ, పాలివ్వాలన్న తల్లి, ఇద్దరూ ఉంటే పీక పెట్టినా పెట్టకపోయినా పాలు తాగే నెలల్లో పెద్ద తేడా కనపడలేదట."

వాళ్లు బయటికి కదిలారు. అప్పమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఆమె ఏ డాక్టరు దారికీ అడ్డు నిలబడలేదు.

"అయితే బిడ్డ రొమ్ము ఎందుకు వదిలేస్తుంది దీదీ?"

"ఏ బిడ్డ?"

"ఎవరో ఒక బిడ్డ. తల్లి పొద్దున్న వెళితే రాత్రికి వస్తుంది. పగలంతా వేరే మనిషి పీక పెట్టి ఊరుకోబెట్టేది. తల్లి వచ్చి రొమ్మిస్తే పట్టుకోలేదు. పాలు ఎండిపోయాయి."

"అందులో పీక తప్పేముంది మాసీ? తల్లి పగలంతా దగ్గర లేదు కదా. బిడ్డ చప్పరిస్తేనే పాలు ఊరతాయి. చప్పరించేవాళ్లు లేకపోతే అక్కర్లేదనుకుని ఒళ్లు ఆపేస్తుంది. ఆ రెండో మనిషి పాపం ఏం చేస్తుంది? అదీ పెట్టకపోతే బిడ్డ రోజంతా ఏడ్చేది." డాక్టరు ఆమె భుజం మీద చెయ్యి వేసి, పక్కకు తప్పించుకుని ఏడో నంబరు గదిలోకి వెళ్లిపోయింది.

అప్పమ్మ గుమ్మాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. లోపల జ్ఞానప్రసూన ఏదో అంటోంది, అదేమిటో వినబడలేదు. మే నెల ఎండలో అమ్మన్నమ్మ గడప మీద కూర్చుని, ఒక చేత్తో గుంటకు విసనకర్ర విసురుతూ, రెండో చేత్తో తన చెమట తుడుచుకోవడం గుర్తొచ్చింది. గుడ్డలు కట్టినన్నాళ్లూ ఒక్కనాడైనా పిల్ల ఒంటి మీద తడిగుడ్డ ఉండగా ఆమె తిరిగి ఇవ్వలేదు. ఆ సంగతి అప్పమ్మకు అప్పుడూ తెలుసు.

మూడు గంటలకు గుర్తింపు పత్రం ఖాయమైందని కింద నుంచి కబురొచ్చింది. అందరికీ సందేశ్ మిఠాయి పంచారు. ఆ కబురొచ్చిన అరగంటకే తొట్టెలన్నీ మళ్లీ అద్దాల గదిలోకి వెళ్లాయి. మేట్రన్ బీరువా తాళం తీసి ఎనామిల్ గిన్నె బయట పెట్టింది. తర్వాత అప్పమ్మను గదిలోకి పిలిచింది.

"రేపట్నుంచి రావద్దు మాసీ. ఫారంలో ఎక్కింది కదా. చర్య తీసుకున్నామని యజమాని చూపించాలి." ఆవిడ బల్ల మీది పెన్నునే చూస్తూ చెప్పింది.

"గిన్నె ఉడకబెట్టమని చెప్పిందెవరు దీదీ?"

"ఏ గిన్నె?" అంది మేట్రన్.

ఆ గిన్నె వాళ్లిద్దరికీ మధ్య బల్ల మీదే ఉంది.

అప్పమ్మ కిందికి దిగి, సందు మొదట్లో ఎర్రజెండా కట్టిన యూనియన్ గదికి వెళ్లింది. ఏటా మేడే ఊరేగింపులో ఆమె వాళ్ల వెనక నడిచింది. అక్కడున్న కుర్రవాడు మర్యాదగా లేచి నిలబడి, రిజిస్టరు తిరగేసి చూశాడు. ఆయాలు రోజువారీ మనుషులని, నర్సింగ్ హోమ్ పట్టీలో పేరు లేకపోతే తాము మాట్లాడటానికి ఆధారం ఉండదని చెప్పాడు. ఆమె అర్థమైనట్టు తలూపి పైకి వచ్చేసింది.

అద్దాల గదిలో ఆరో నంబరు పిల్లాడు పిడికిళ్లు బిగించి ఏడుస్తున్నాడు. పాల వేళకు ఇంకా రెండు గంటలుంది. అప్పమ్మ వాణ్ణి ఎత్తుకుంది. కారిడార్‌లో ఎదురైన నర్సు ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి తప్పుకుంది. గదిలో కామాక్షమ్మ లేదు, కొడుక్కి ఎదురెళ్లింది. అప్పమ్మ బిడ్డను తల్లి ఒళ్లో పెట్టింది.

"క్షమించండి," అంది జ్ఞానప్రసూన. "అత్తయ్యగారు ఎదురుగా ఉంటే నాకు... ఇప్పుడు వెళ్లి చెప్పనా? ఆయన రాగానే చెప్పిస్తాను."

"ఇప్పుడెందుకు? అయిపోనాది." అప్పమ్మ తలగడ సర్దింది. "ఈడిని ఆ అద్దాల గదిలోకి పంపకు. అడిగినా ఇవ్వకు. నీ పక్కనే పడుకోబెట్టుకో, ఏడిస్తే పట్టు, ఏడవకముందే పట్టు. మీ అత్త పీకెట్టినా ఏటవదు. డాక్టరమ్మ సెప్పినాది, ఇన్నావు గదా. నువ్వు దగ్గరుండు. అంతే కావాల."

"మీ అమ్మాయికి..." అని ఏదో అడగబోయింది ఆ అమ్మాయి.

"పాలు పట్టమ్మా," అంది అప్పమ్మ. తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

ఆయాల గదిలో తను ఇంటి నుంచి కట్టుకొచ్చిన చీర కట్టుకుంది. నర్సింగ్ హోమ్ ఇచ్చిన ఆకుపచ్చ అంచు తెల్లచీర ఉతికి అప్పగించాలన్నది నియమం. దాన్ని తీసుకుని మేడ మీదికి వెళ్లింది. కుళాయి కింద తడిపి, సబ్బు పెట్టి, రాతిపలక మీద చాలాసేపు కుమ్మింది. ఒకచోట ఆగి మళ్లీ సబ్బు రాసి, గోళ్లతో గీకి, మళ్లీ రుద్దింది. మూడోసారీ అలాగే చేసింది. కింద పెద్దరోడ్డు మీద ఏదో ఊరేగింపు వెళుతోంది, నినాదాలు విడివిడిగా పైకి వస్తున్నాయి. చీర జాడించి, రెండు కొసలూ పట్టి మెలితిప్పి, తీగ మీద ఆరేసింది. గాలికి ఎగిరిపోకుండా రెండు వైపులా క్లిప్పులు పెట్టింది.

ఐదు గంటలకు వెనక మెట్లు దిగి వెళ్లిపోయింది. వెళుతున్నానని ఎవరికీ చెప్పలేదు. ఆరు గంటలకు పిల్లలందరూ ఒకేసారి ఏడుపు అందుకున్నప్పుడు గానీ ఆమె లేదని ఎవరికీ తెలియలేదు.

మేడ మీద తీగకు తెల్లచీర వేలాడుతోంది. అంచు నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా సిమెంటు నేల మీద పడుతున్నాయి. ఎడమ భుజం మీదికి వచ్చే చోట, ఎంత రుద్దినా పోని అరచేయంత మరక. ఎవరెవరో పిల్లలు కక్కిన పాలు పసుపుపచ్చగా అక్కడే ఉండిపోయాయి.